జీతం 12.40 లక్షలు, పక్కన ఆన్‌లైన్ పనుల మీద లక్షన్నర: పన్ను ఎంత పడుతుంది, ఏ ఫారం వేయాలి?

భీమిలి_గాలి
2 మార్చి 2026

నమస్కారమండి. విశాఖలో ప్రైవేటు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2025-26లో మొత్తం జీతం 12,40,000. కొత్త పన్ను విధానంలో ఉన్నాను. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 11,65,000. పన్నెండు లక్షల లోపే కాబట్టి కంపెనీ టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్ళే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) ఏమీ కోయడం లేదు.

ఈ ఏడాదే మొదటిసారిగా పక్కన మూడు రకాలుగా డబ్బు వచ్చింది.

హైదరాబాద్‌లోని ఒక సంస్థకు వెబ్‌సైట్ చేసి ఇచ్చాను. బిల్లు 1,00,000. వాళ్ళు 10 శాతం టీడీఎస్ పట్టుకుని 90,000 వేశారు.

యూట్యూబ్‌లో తెలుగులో కోడింగ్ పాఠాలు చెబుతాను. గూగుల్ ప్రకటనల రాబడి లెక్క చూపే యాడ్‌సెన్స్‌లో 48,000 చూపిస్తోంది. అందులో అమెరికా పన్ను కింద 1,200 పోయి బ్యాంకులో 46,800 పడింది. ఖర్చులు: ఎడిటింగ్ చేసే అబ్బాయికి యూపీఐలో 11,400, నెలకు 900 చొప్పున ఇంటర్నెట్ (ఇంట్లోకీ అదే), మే నెలలో కొన్న 8,000 మైకు.

వీడియోల కింద పెట్టే కొనుగోలు లింకుల మీద కమిషన్ 6,000. దీనికి టీడీఎస్ లేదు.

నా సందేహాలు: 12 లక్షల దాకా పన్ను లేదంటున్నారు కదా, ఈ చిన్న మొత్తాలకు నిజంగా ఏమైనా కట్టాలా? ఎప్పుడూ వేసే ఐటీఆర్-1లోనే ‘ఇతర ఆదాయం’ కింద చూపిస్తే సరిపోతుందా? జీఎస్టీ అవసరమా? ఈ సంగతి మా కంపెనీకి తెలుస్తుందా?


లెక్కల_చిట్టా
2 మార్చి 2026

కట్టాలండి. మీరు అనుకుంటున్న దానికంటే చాలా ఎక్కువే కట్టాలి. మీ అంకె సరిగ్గా ఇబ్బందికరమైన చోట ఉంది కాబట్టి ముందు లెక్క చూడండి.

‘12 లక్షల దాకా పన్ను లేదు’ అనేది స్లాబు కాదు, 87ఏ కింద ఇచ్చే రిబేటు. స్లాబు ప్రకారం 4 లక్షలు దాటగానే పన్ను మొదలవుతుంది: 4 నుంచి 8 దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం. సరిగ్గా 12 లక్షల దగ్గర అది 60,000 అవుతుంది, ఆ మొత్తాన్ని రిబేటుగా మాఫీ చేస్తారు. 12 లక్షలు దాటితే ఆ మాఫీ పోతుంది. అలాగని ఒక్క రూపాయి దాటినవాడి మీద 60,000 వేయడం అన్యాయం కనుక మార్జినల్ రిలీఫ్ పెట్టారు. దాని ప్రకారం 12 లక్షలకు పైన ఎంత ఉందో పన్ను అంతకు మించకూడదు.

ఇప్పుడు మీ పక్క ఆదాయం. వెబ్‌సైట్ పనికి మీరు రాయాల్సింది 90,000 కాదు, 1,00,000. పట్టుకున్న టీడీఎస్ కూడా మీ ఆదాయమే. 44ఏడీఏ అంటే కొన్ని వృత్తులకు రాబడిలో సగాన్ని లాభంగా తీసుకునే అంచనా పద్ధతి. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ దాని కింద నోటిఫై చేసిన వృత్తి కాబట్టి సగం, అంటే 50,000 లాభంగా చూపిస్తే చాలు. ఖర్చుల బిల్లులు అడగరు. యూట్యూబ్ 48,000లోంచి అసలు ఖర్చులు తీసేద్దాం: ఎడిటింగ్ 11,400, ఇంటర్నెట్‌లో సగం 5,400, మైకు మీద తరుగుదల 1,200. మొత్తం 18,000 పోతే 30,000. కమిషన్ 6,000 యథాతథంగా.

మైకు 8,000 మొత్తాన్నీ ఒకేసారి ఖర్చు రాసేయకండి. అది ఏళ్ళ తరబడి వాడే వస్తువు, ఏడాదికి 15 శాతం తరుగుదలే ఇస్తారు. మే నెలలో కొన్నారు కాబట్టి పూర్తి 15 శాతం వస్తుంది. వాడకం ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువైతే సగమే. అదే కంప్యూటరైతే 40 శాతం.

50,000 + 30,000 + 6,000 = 86,000. జీతం 11,65,000తో కలిపితే 12,51,000. స్లాబు పన్ను 67,650. పన్నెండు లక్షలకు పైన ఉన్నది 51,000. రిలీఫ్ తర్వాత పన్ను 51,000, దాని మీద 4 శాతం సెస్ 2,040. మొత్తం 53,040. సంస్థ పట్టుకున్న 10,000 పోగా 43,040 మీరు జేబులోంచి కట్టాలి.

అంటే 86,000 లాభంలో మొదటి 35,000 మాత్రమే మీకు పన్ను లేకుండా మిగిలింది. పైన ఉన్న 51,000 మొత్తం పన్నుకే పోయింది, సెస్ అదనం. ఆదాయం 12,70,588 చేరేదాకా ఇదే పరిస్థితి, అదనంగా వచ్చే ప్రతి రూపాయీ పన్నుకే. అది దాటాక మామూలు 15 శాతం స్లాబు పని చేయడం మొదలవుతుంది. జీతం 12, 13 లక్షల దగ్గర ఉండి పక్క పనులు చేసేవాళ్ళు ఈ ఇరుకు గురించి ఏప్రిల్‌లోనే తెలుసుకోవాలి. మార్చిలో తెలిస్తే చేయగలిగేది తక్కువ.

జీఎస్టీ: సేవలకు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. జీతం ఆ లెక్కలోకి రాదు. విదేశీ రాబడి, ఇంటి అద్దె మాత్రం వస్తాయి. వేరే రాష్ట్రంలోని సంస్థకు సేవ చేసినా ఆ 20 లక్షల పరిమితే. మీకిప్పుడు దాని గురించి ఆలోచన అక్కర్లేదు.

కంపెనీ సంగతి: 26ఏఎస్ (మీ పేరు మీద కోసిన టీడీఎస్ పట్టిక), ఏఐఎస్ (మీ ఏడాది ఆదాయాలు, లావాదేవీల పట్టిక) మీ పాన్ లాగిన్‌లోనే కనబడతాయి, కంపెనీకి కనబడవు. మీరే 12బీఏఏ ఫారంలో ఈ టీడీఎస్‌ను కంపెనీకి చెబితే తెలుస్తుంది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి పనికి అనుమతి తీసుకోవాలని ఉందా లేదా అన్నది పన్నుతో సంబంధం లేని వేరే విషయం. అది మాత్రం తీసి చదవండి.


నూనె_దీపం
2 మార్చి 2026

పై లెక్క సరైనదే. ఫారం విషయం నేను చెబుతాను, ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు.

ఐటీఆర్-1 మీకు ఇక పనికిరాదు. అందులో వృత్తి, వ్యాపార ఆదాయం రాసే చోటే లేదు. ‘ఇతర ఆదాయం’లో పడేస్తే ఏమవుతుందంటే, మీ 26ఏఎస్‌లో 194జే కింద లక్ష రూపాయల వృత్తి రుసుము కనబడుతుంది, రిటర్న్‌లో వృత్తి ఆదాయం సున్నా ఉంటుంది. రెండూ పొసగక 139(9) కింద రిటర్న్ లోపభూయిష్టమని నోటీసు వస్తుంది. సరిచేయడానికి 15 రోజులు ఇస్తారు. పట్టించుకోకపోతే అసలు రిటర్నే వేయనట్టు లెక్క.

మిగిలింది ఐటీఆర్-4, ఐటీఆర్-3. వెబ్‌సైట్ పని ఒక్కటే ఉంటే ఐటీఆర్-4 హాయిగా సరిపోయేది. మీకు రెండు కారణాల వల్ల ఐటీఆర్-3 కావాలి. ఒకటి, యూట్యూబ్‌కు అసలు ఖర్చులు చూపిస్తున్నారు, కమిషన్ ఉంది. ఐటీఆర్-4 అంచనా పద్ధతికే. కమిషన్ ఆదాయాన్ని 44ఏడీలో (చిన్న వ్యాపారాలకు ఉన్న అలాంటి అంచనా పద్ధతి) చూపడానికి చట్టమే ఒప్పుకోదు. రెండు, అమెరికాలో పోయిన 1,200కి ఇక్కడ క్రెడిట్ అడిగేవాళ్ళు ఐటీఆర్-4 వాడకూడదు.

యూట్యూబ్ రాబడిని కూడా 44ఏడీఏ కింద సగం చేసి చూపిస్తే పోలా అని చాలామంది అంటున్నారు. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ ఫారాల్లో సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లకు 16021 అనే కోడ్ కొత్తగా ఇచ్చారు, దాన్ని పట్టుకుని చేసే వాదన అది. నా అభిప్రాయం వేరు. కోడ్ వచ్చింది గానీ సెక్షన్ మాటలు మారలేదు. న్యాయవాద, వైద్యం, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్, వీటికి తోడు నోటిఫై చేసిన సినిమా కళాకారులు, కంపెనీ సెక్రటరీలు, అధీకృత ప్రతినిధులు, ఐటీ: జాబితా ఇంతే. అనువాదం, కంటెంట్ రైటింగ్, ట్యూషన్ చెప్పడం కూడా ఇందులో పేరుపెట్టి లేవు. ఆరు వేల తేడా దగ్గర వాదనకు దిగడం కంటే అసలు ఖర్చులు రాసుకోవడం మేలు. మీ రాబడికి పూర్తి ఖాతా పుస్తకాలు అక్కర్లేదు. ఐటీఆర్-3లో ‘నో అకౌంట్ కేస్’ అనే భాగం ఉంది. స్థూల రాబడి, ఖర్చు, నికర లాభం రాసి, చివర రావలసినవి, ఇవ్వవలసినవి, చేతిలోని నగదు చూపిస్తే చాలు.

44ఏడీఏ వాడేవాళ్ళకు ఒక మాట. సగం చూపించాక దాని మీద ఇంటర్నెట్, ల్యాప్‌టాప్ అంటూ మళ్ళీ ఖర్చులు తీయకూడదు, అవన్నీ ఆ సగంలోనే ఉన్నట్టు లెక్క. సగం కంటే తక్కువ లాభం చూపిస్తామంటే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలి. మొత్తం రాబడి 50 లక్షలు దాటకూడదు. నగదు 5 శాతం లోపే ఉంటే 75 లక్షల దాకా వెళ్ళొచ్చు.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. జీతగాళ్ళు పాత విధానానికీ కొత్త విధానానికీ ఏడాదికోసారి అటూ ఇటూ మారొచ్చు. వృత్తి ఆదాయం మొదలైతే ఆ వీలు పోతుంది. పాత విధానం కావాలంటే గడువులోగా 10-ఐఈఏ ఫారం వేయాలి. ఒకసారి పాతదానికి వెళ్ళి మళ్ళీ కొత్తదానికి వస్తే, ఆ వృత్తి ఆదాయం ఉన్నంతకాలం ఇక పాతదాని మొహం చూడలేరు. పాత విధానంలో పనికొచ్చే హోమ్ లోన్ వడ్డీ, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) పెద్దగా ఉన్నవాళ్ళు పది వేల రూపాయల ఫ్రీలాన్స్ బిల్లు కోసం ఈ స్వేచ్ఛను తెలియకుండా వదులుకోవద్దు.


భీమిలి_గాలి
3 మార్చి 2026

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఏఐఎస్ తెరిచి చూశాను. బ్యాంకు వడ్డీ 7,000 కూడా ఉంది, అది నా లెక్కలో లేదు. 43,040 రిటర్న్ వేసేటప్పుడు జులైలో కడితే సరిపోతుందా, ఇప్పుడే కట్టాలా? తగ్గించుకునే దారి ఏదైనా మిగిలి ఉందా?


లెక్కల_చిట్టా
3 మార్చి 2026

ఏఐఎస్ చూడటం మంచి పని. వడ్డీ 7,000 కలిపితే 12,58,000. కొత్త విధానంలో పొదుపు ఖాతా వడ్డీ మీద 80టీటీఏ మినహాయింపు లేదు, పైగా మీరు ఆ ఇరుకులోనే ఉన్నారు కాబట్టి ఆ ఏడు వేలూ మొత్తం పన్నుకే. కొత్త లెక్క: పన్ను 58,000, సెస్ 2,320, మొత్తం 60,320. టీడీఎస్ 10,000 పోగా 50,320. అమెరికా పన్ను క్రెడిట్‌ను ప్రస్తుతానికి పక్కన పెడదాం.

టీడీఎస్ పోగా పన్ను 10,000 లేదా అంతకు మించి ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఏడాది ముగియకముందే వాయిదాల్లో పన్ను కట్టాలి. వృత్తి ఆదాయమంతా 44ఏడీఏలోనే ఉంటే మార్చి 15న ఒకే వాయిదా. మీది కలగలుపు కాబట్టి నాలుగు వాయిదాలు: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి నూరు శాతం.

జులై దాకా ఆగితే రెండు వడ్డీలు పడతాయి. వాయిదాలు తప్పినందుకు 234సీ కింద మొదటి మూడు వాయిదాలకు 225, 678, 1,131, చివరిదానికి 503. కలిపితే 2,537. మార్చి ముగిసేలోగా పన్ను కట్టనందుకు 234బీ కింద ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం చొప్పున నాలుగు నెలలకు 2,012. మొత్తం 4,549. ఈ మార్చి 15 లోపు కట్టేస్తే 234బీ ఉండదు, 234సీలో చివరి 503 కూడా ఉండదు.

మీకు ఇంకో వెసులుబాటు ఉంది. వృత్తి ఆదాయం మొదటిసారి వచ్చిన ఏడాది ఆ ఆదాయం వల్ల ముందు వాయిదాల్లో పడిన లోటుకు 234సీ వడ్డీ వేయరు. షరతు ఒక్కటే, ఆదాయం వచ్చాక మిగిలి ఉన్న వాయిదాల్లో ఆ పన్ను కట్టేయాలి. మీకు మిగిలింది మార్చి 15 ఒక్కటే. దాన్ని వదులుకుంటే ఈ వెసులుబాటూ పోతుంది.

ఈసారి మార్చి 15 ఆదివారం వచ్చింది. 13వ తేదీ శుక్రవారానికే ముగించేయండి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ‘ఈ-పే ట్యాక్స్’కు వెళ్ళి కొత్త చెల్లింపు మొదలుపెట్టండి. అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 ఎంచుకోవాలి. 2025-26 అని కొట్టేవాళ్ళు కోకొల్లలు, డబ్బు పోయి వేరే ఏడాది ఖాతాలో కూర్చుంటుంది. చెల్లింపు రకం ‘100 అడ్వాన్స్ ట్యాక్స్’. ఏప్రిల్ 1 తర్వాత కట్టేదైతే ‘300 సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్’. కట్టాక చలానా పీడీఎఫ్ దింపుకోండి. అందులో బీఎస్ఆర్ కోడ్, తేదీ, చలానా సీరియల్ నంబరు ఉంటాయి. రిటర్న్‌లో అవి మూడూ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

తగ్గించుకునే దారి ఒకటే మిగిలింది. కొత్త విధానంలో ఎన్‌పీఎస్‌కు (జాతీయ పింఛను పథకం) కంపెనీ కట్టే వాటా మీద, బేసిక్ జీతంలో 14 శాతం దాకా, 80సీసీడీ(2) మినహాయింపు ఉంది. మీ బేసిక్ మొత్తం జీతంలో సగం, అంటే 6,20,000 అనుకుంటే పరిమితి 86,800. మార్చి జీతంలోంచి సర్ది 58,000 మీ ఎన్‌పీఎస్ ఖాతాకు కంపెనీ చేత కట్టించగలిగితే ఆదాయం సరిగ్గా 12,00,000కు దిగుతుంది. పన్ను సున్నా, టీడీఎస్ 10,000 కూడా వెనక్కి వస్తుంది. చాలా కంపెనీలు దీన్ని ఏడాది మొదట్లోనే అడుగుతాయి, మధ్యలో మార్చవు. అందుకే ఈ రోజే హెచ్ఆర్‌ను అడగండి. మీరు సొంతంగా ఎన్‌పీఎస్‌లో వేసే 50,000కు కొత్త విధానంలో మినహాయింపు లేదు, పొరపాటున అది చేయొద్దు. ఎన్‌పీఎస్ డబ్బు మామూలుగా చాలా ఏళ్ళ దాకా చేతికి రాదు, అది కూడా తెలుసుకునే దిగండి.


నూనె_దీపం
3 మార్చి 2026

ఒక చిన్న చేర్పు. వెబ్‌సైట్ చేయించుకున్న సంస్థ మీకు జనవరి-మార్చి మధ్య డబ్బిచ్చి ఉంటే, వాళ్ళ టీడీఎస్ రిటర్న్‌కు గడువు మే 31. మీ 26ఏఎస్‌లో ఆ 10,000 జూన్ మొదటి వారం దాకా కనబడకపోవచ్చు, కంగారు పడొద్దు. జూన్ 15కల్లా ఫారం 16ఏ ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అంతకుముందే తొందరపడి రిటర్న్ వేస్తే క్రెడిట్ సరిపోలక డిమాండు వస్తుంది.

వాళ్ళు కోసి కట్టలేదనుకోండి. 205 సెక్షన్ ప్రకారం ఆ పన్నును మళ్ళీ మీ దగ్గర వసూలు చేయకూడదు. కానీ కంప్యూటర్ 26ఏఎస్‌లో లేని క్రెడిట్ ఇవ్వదు. అప్పుడు బిల్లు, 90,000 పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, ‘టీడీఎస్ కోసి ఇంత వేశాం’ అని వాళ్ళు పంపిన మెయిల్, ఈ మూడే మీకు ఆధారం. ఇప్పుడే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.


అగ్రహారం_స్టూడెంట్
4 మార్చి 2026

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కాకినాడలో బీటెక్ మూడో ఏడాది. ఒక కంపెనీకి యాప్ చేసి పెట్టినందుకు ఈ ఏడాది 1,80,000 బిల్లు, 18,000 టీడీఎస్ పోయింది. వేరే ఆదాయం లేదు. 4 లక్షల లోపే కాబట్టి రిటర్న్ అక్కర్లేదని సీనియర్లు అంటున్నారు. నిజమేనా అండి?


నూనె_దీపం
4 మార్చి 2026

తమ్ముడూ, రిటర్న్ వేయాలన్న నిర్బంధం లేదన్నది నిజమే. టీడీఎస్ 25,000 చేరినా, వృత్తి రాబడి 10 లక్షలు దాటినా ఆదాయం ఎంత తక్కువైనా వేయాల్సిందే. నీవి రెండూ ఆ లోపే. కానీ వేయకపోతే నీ 18,000 ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది. నువ్వు అడగాలి.

ఐటీఆర్-4 చాలు. 44ఏడీఏ కింద స్థూల రాబడి 1,80,000, లాభం 90,000, పన్ను సున్నా, రీఫండ్ 18,000. గడువులోగా వేస్తే ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ కూడా కలిపి ఇస్తారు. రెండు పనులు ముందే చేసుకో: పోర్టల్‌లో బ్యాంకు ఖాతాను ప్రీ-వాలిడేట్ చెయ్యి (ఖాతాలో పేరు, పాన్ మీద పేరు ఒకటే ఉండాలి, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా మరోచోట పూర్తిగా ఉన్నా కొన్నిసార్లు ఆగిపోతుంది), పాన్-ఆధార్ లింకు చూసుకో. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయకపోతే వేసినట్టే కాదు. గడువు దాటితే డిసెంబరు 31 దాకా వీలుంటుంది. అదీ దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ (అదనపు పన్నుతో ఆలస్యంగా వేసేది) ఉంది గదా అనుకోవద్దు, దానిలో రీఫండ్ అడగనివ్వరు.

ఇక్కడే అందరికీ ఒక మాట. నాలుగు లక్షలు దాటి పన్నెండు లోపు ఉన్నవాళ్ళకు పన్ను సున్నా అయినా రిటర్న్ తప్పనిసరి. రిబేటు ఇచ్చేది ఆ రిటర్న్‌లోనే. ఆలస్యమైతే 5 లక్షల లోపు ఆదాయానికి 1,000, ఆపైన 5,000 రుసుము.


పప్పు_చారు
4 మార్చి 2026

మా ఇంటావిడ గుంటూరు నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు పంపుతుంది. ఏడాదికి 3 లక్షల దాకా అమ్మకం. ఎక్కువ భాగం హైదరాబాద్‌కే. జీఎస్టీ 20 లక్షలు అన్నారు కదా, మాకూ అదేనా?


లెక్కల_చిట్టా
4 మార్చి 2026

కాదండి, ఇది జాగ్రత్తగా చూడాల్సిన విషయం. పైన చెప్పిన 20 లక్షలు సేవలకు. వస్తువులకు ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అయితే ఆ పరిమితులు సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్ళకే. పన్ను పడే వస్తువును రాష్ట్రం దాటించి అమ్మితే జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ ప్రకారం మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సేవలకు ఇచ్చిన వెసులుబాటు వస్తువులకు ఇవ్వలేదు, నోటిఫై చేసిన హస్తకళా వస్తువుల లాంటి కొన్నిటికి తప్ప.

2014 జూన్ 2 దాకా గుంటూరు, హైదరాబాద్ ఒకే రాష్ట్రం. ఇప్పుడు ఆ పార్సిల్ అంతర్రాష్ట్ర అమ్మకం. చుట్టాలకు, తెలిసినవాళ్ళకు పంపుతున్నాం అన్న భావనలో చాలా ఇళ్ళవాళ్ళు దీన్ని గమనించరు. రెండు దారులున్నాయి: ఆంధ్రలోపలే అమ్మడం, లేదా రిజిస్ట్రేషన్ తీసుకోవడం. చిన్న వ్యాపారులకు ఉన్న సులభ పద్ధతి అయిన కాంపొజిషన్ పథకంలో చేరదామంటే అది వస్తువులను రాష్ట్రం దాటించి అమ్మేవాళ్ళకు ఇవ్వరు, కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే. పెద్ద ఈ-కామర్స్ సైట్లలో పెట్టి సొంత రాష్ట్రంలోనే అమ్మితే 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవాళ్ళకు రిజిస్ట్రేషన్ బదులు ఎన్‌రోల్‌మెంట్ నంబరు చాలు.

ఆదాయపు పన్ను మాత్రం మీకు తేలిక. 44ఏడీ కింద యూపీఐ, బ్యాంకులో వచ్చిన దాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం. మూడు లక్షలూ యూపీఐలోనే వస్తే 18,000. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. అది ఆవిడ ఆదాయం కాబట్టి ఆవిడ పాన్ మీద, ఆవిడ ఖాతాలోకే డబ్బు రావాలి. మీ ఫోన్ నంబరు యూపీఐకి వస్తే రేపు అది మీ రాబడిగా కనబడుతుంది.


సాగరతీర_యాంటెన్నా
5 మార్చి 2026

భీమిలి_గాలి గారూ, అమెరికా 1,200 సంగతి ఎవరూ విడమర్చలేదు కాబట్టి రాస్తున్నాను. తెలుగు ఛానళ్ళకు అమెరికాలోని మనవాళ్ళు గణనీయంగా చూస్తారు, అందుకే ఇది మనకు మామూలు విషయం.

అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన భాగం మీదే అక్కడి పన్ను. యాడ్‌సెన్స్‌లో డబ్ల్యూ-8బెన్ ఫారం నింపి, భారత్-అమెరికా ఒప్పందం ఎంచుకుంటే 15 శాతం. ఒప్పందం ఎంచుకోకపోతే 30. ఫారమే నింపకపోతే ప్రపంచం మొత్తం మీద వచ్చిన రాబడిలో 24 శాతం దాకా పోతుంది. గూగుల్ ఇచ్చిన ఉదాహరణే చెబుతాను: వెయ్యి డాలర్లలో అమెరికా వాటా వంద అయితే, ఒప్పందంతో 15 డాలర్లు, ఒప్పందం లేకుండా 30, ఫారం లేకపోతే 240. మీకు 1,200 పోయిందంటే అమెరికా వాటా 8,000, కోత 15 శాతం. సరిగ్గానే నింపారు.

ఇక్కడ ఆ 1,200 తిరిగి రావాలంటే ఆదాయం 48,000గానే చూపాలి, 46,800 కాదు. ఐటీఆర్-3లో షెడ్యూల్ ఎఫ్ఎస్ఐ, షెడ్యూల్ టీఆర్ నింపాలి, ఫారం 67 ఆన్‌లైన్‌లో వేయాలి. రిటర్న్ కంటే ముందు ఫారం 67 వేసేయడం మంచిది. ఆధారంగా గూగుల్ ఇచ్చే 1042-ఎస్ (అమెరికాలో కోసిన పన్ను చూపే పత్రం) పెట్టాలి. దానిలో చిక్కేమిటంటే అది జనవరి నుంచి డిసెంబరు దాకా, మన ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అంకెలు కలవవు. అందుకే యాడ్‌సెన్స్ పేమెంట్స్ పేజీలో నెలవారీ రసీదులు దించుకుని, ఏప్రిల్ 2025 నుంచి మార్చి 2026 వరకు పోయిన పన్నును విడిగా ఒక కాగితం మీద వేసుకుని జతచేయండి. డాలర్లను రూపాయలు చేసేటప్పుడు పన్ను కోసిన నెలకు ముందు నెల చివరి రోజు టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) తీసుకోవాలి.

యాడ్‌సెన్స్ మీద మన దేశంలో టీడీఎస్ ఉండదు, చెల్లించేది సింగపూర్ సంస్థ. ఇక్కడ కోయలేదు కాబట్టి ఇక్కడ పన్ను లేదనుకుని రెండు మూడేళ్ళు రిటర్న్‌లో చూపించనివాళ్ళు చాలామంది. బ్యాంకులో విదేశీ చెల్లింపుగా నమోదయ్యే డబ్బు ఇది, కనబడకుండా పోదు. పాత ఏళ్ళవి వదిలేసినవాళ్ళు అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకోవచ్చు. ఆ అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 48 నెలల దాకా వీలుంది, అదనపు పన్ను మొదటి ఏడాది 25 శాతం, రెండో ఏడాది 50, మూడోది 60, నాలుగోది 70. ఎంత ముందు వేస్తే అంత తక్కువ.

ఎవరైనా కంపెనీ సమీక్ష కోసం ఫోనో ల్యాప్‌టాపో పంపి మీ దగ్గరే ఉంచుకోమంటే, ఏడాదిలో ఆ సంస్థ ఇచ్చినవి 20,000 దాటితే 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్ ఉంటుంది, ఆ వస్తువు విలువ మీ ఆదాయంలో కలుస్తుంది. వెనక్కి పంపేస్తే ఏమీ లేదు. కొరియర్ రసీదు మాత్రం దాచండి.


భీమిలి_గాలి
6 మార్చి 2026

హెచ్ఆర్‌ను అడిగాను, ఎన్‌పీఎస్ ఈ ఏడాదికి కుదరదన్నారు, ఏప్రిల్ నుంచి పెడతామన్నారు. 50,320 ఈ రోజే 2026-27 ఏడాదికి, 100 కింద కట్టేశాను. మార్చి చివరికి యూట్యూబ్ నుంచి ఇంకో 4,000 దాకా రావచ్చు. దాని మీద మళ్ళీ కట్టాలా?


లెక్కల_చిట్టా
6 మార్చి 2026

ఆ 4,000 మీద సెస్‌తో కలిపి 4,160 వస్తుంది. 1,200 క్రెడిట్ తీసేస్తే మిగిలేది 2,960. మీరు ఇప్పటికే 90 శాతానికి పైగా కట్టేశారు కాబట్టి 234బీ పడదు. మార్చి 31 లోపు కట్టినా అది అడ్వాన్స్ ట్యాక్స్‌గానే లెక్కలోకి వస్తుంది. వీలైతే నెల చివర అంకె తేలగానే ఆ 2,960 కూడా 100 కిందే కట్టేయండి. లేదా రిటర్న్ వేసేటప్పుడు 300 కింద.

ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వస్తోంది. సెక్షన్ నంబర్లు మారతాయి, అసెస్‌మెంట్ ఇయర్ బదులు ‘ట్యాక్స్ ఇయర్’ అంటారు. మీరు ఈసారి వేసే రిటర్న్ మాత్రం 2025-26 ఆదాయానికి కాబట్టి 1961 చట్టం ప్రకారమే, పైన రాసిన నంబర్లన్నీ దానివే.

ఏప్రిల్‌లో పక్క పనులకు వేరే పొదుపు ఖాతా ఒకటి తెరవండి. బిల్లులు, యాడ్‌సెన్స్, కమిషన్ అన్నీ అందులోకే రానివ్వండి, ఎడిటింగ్ డబ్బులూ ఇంటర్నెట్ బిల్లూ అందులోంచే పోనివ్వండి. బిల్లుకు వరుస నంబరు, తేదీ, మీ పాన్ వేయండి. జూన్ 15 వాయిదాకు ముందు ఆ ఒక్క స్టేట్‌మెంట్ చూసుకుంటే ఎంత కట్టాలో పది నిమిషాల్లో తేలుతుంది.